మోటారు సైకిల్ డ్రైవ్ బెల్టు కీచు శబ్దం: కారణ నిర్ధారణ

మోటారు సైకిల్‌లో గేర్‌బాక్సు నుంచి వెనుక చక్రానికి శక్తిని చేరవేసే పళ్ల బెల్టు నుంచి గానీ, దానికి ఆనుకుని ఉన్న భాగాల నుంచి గానీ బండి కదిలేటప్పుడు వచ్చే సన్నని, పదునైన ధ్వనిని డ్రైవ్ బెల్టు కీచు శబ్దం అంటారు. ఇది లక్షణమే తప్ప ఒక లోపం పేరు కాదు. పుల్లీల ఎలైన్‌మెంట్ (రెండూ ఒకే తలంలో ఉండడం) తప్పడం, బెల్టు బిగువులో తేడా, దుమ్ము చేరడం, పుల్లీ పైపూత అరగడం దీనికి ప్రధాన కారణాలు. చక్రం బేరింగు, వెనుక బ్రేకు, హబ్ రబ్బర్ల వంటి పొరుగు భాగాలు కూడా బెల్టు అరిచినట్టే అరుస్తాయి. అందువల్ల శబ్దం విన్న వెంటనే బెల్టు మార్చడం తరచు వృథా ఖర్చుగా మిగులుతుంది.

పరిధి

ఈ వ్యాసం చివరి అంచె బెల్టుకు, అంటే గేర్‌బాక్సు పుల్లీకీ వెనుక చక్రం పుల్లీకీ మధ్య తిరిగే పళ్ల బెల్టుకు పరిమితం. గేర్లు లేని స్కూటర్లలో ఇంజిన్ పక్కన మూసిన పెట్టెలో ఉండే బెల్టు వేరు. దానికి వి ఆకారపు కోత ఉంటుంది, పుల్లీల చెంపల మధ్య రాపిడితోనే అది పని చేస్తుంది, జారడం దాని స్వభావంలోనే ఉంది. దాని శబ్దాలను వేరే పద్ధతిలో పరీక్షించాలి (చూడండి: స్కూటర్ వేరియేటర్). కొన్ని మోటారు సైకిళ్లలో ఇంజినుకూ క్లచ్చుకూ మధ్య వాడే తొలి అంచె బెల్టు కూడా ఇక్కడి చర్చలోకి రాదు.

చరిత్ర

మోటారు సైకిల్ పుట్టిన తొలి దశాబ్దంలో బెల్టే మామూలు పద్ధతి. హార్లే-డేవిడ్‌సన్ తొలి బళ్లు తోలు బెల్టుతో నడిచాయి. ఇంగ్లండులో రబ్బరు, గుడ్డ పొరలతో చేసిన వి బెల్టులు వాడేవారు. వానలో ఆ బెల్టు జారేది. సాగినప్పుడు దారిలోనే ఆగి, ముక్క కోసి, కొక్కెంతో మళ్లీ అతుక్కోవలసి వచ్చేది. అమెరికా కంపెనీ ఇండియన్ మొదటి నుంచీ చైనునే నమ్ముకుంది. 1911లో ఐల్ ఆఫ్ మ్యాన్ కొండదారి పందెం సీనియర్ విభాగంలో మొదటి మూడు స్థానాలూ ఆ చైను బళ్లకే దక్కాయి. మరుసటి ఏడే హార్లే కూడా చైను నమూనాను అమ్మకానికి పెట్టింది. అయినా బెల్టు ఒక్కసారిగా పోలేదు. 1915లో వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం విరివిగా వాడిన ట్రయంఫ్ మోడల్ హెచ్‌లో గేర్‌బాక్సు వరకు చైను, అక్కడి నుంచి చక్రానికి బెల్టు ఉండేవి.

బెల్టు తిరిగి రావడానికి పళ్లు కారణం. 1940ల్లో అమెరికాలో కుట్టు మిషన్ల వంటి యంత్రాల కోసం పళ్ల బెల్టు రూపొందింది. 1960ల మొదట్లో జర్మనీ కారు గ్లాస్ 1004 దాన్ని ఇంజిన్ క్యామ్‌షాఫ్టు తిప్పడానికి వాడింది. పన్ను గాడిలో కూర్చుంటుంది కాబట్టి వానలోనూ జారదు. పాత తోలు బెల్టు బలహీనత దీనితో తీరిపోయింది. 1980లో హార్లే-డేవిడ్‌సన్ తన ఎఫ్‌ఎక్స్‌బి స్టర్జిస్ మోడల్‌లో తొలి అంచె, చివరి అంచె రెంటికీ పళ్ల బెల్టులు పెట్టింది. ఆ బెల్టులు గేట్స్ కంపెనీవి. 1993 నాటికి స్పోర్ట్‌స్టర్ బళ్లన్నిటికీ బెల్టు వచ్చేసింది. కవాసాకి 1980ల మొదట్లో చిన్న బళ్లలో, సుజుకి 1986లో ఒంటి సిలిండరు ఎల్‌ఎస్ 650లో, బీఎండబ్ల్యూ 2006లో ఎఫ్ 800 ఎస్, ఎస్‌టీ బళ్లలో బెల్టు వాడాయి. బ్యూయల్ కంపెనీ ఎక్స్‌బి వరసలో బెల్టును మధ్యలో ఒక అదనపు పుల్లీ మీదుగా నడిపి, బిగువు సరిచేసే అవసరమే లేకుండా చూసింది.

నిర్మాణం

బెల్టు ఒంటిని పాలీయురెథేన్‌తో గానీ కృత్రిమ రబ్బరుతో గానీ పోస్తారు. బలమంతా లోపల పొడవునా సాగే దారాలది. అవి అరామిడ్ దారాలు, లేదా కార్బన్ దారాలు. పళ్ల వైపు నైలాన్ గుడ్డ పొర ఉంటుంది. పన్ను గాడిలోకి దిగేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు రాసుకునేది ఈ గుడ్డే. కీచు శబ్దాల్లో చాలావాటి చిరునామా ఇది.

పుల్లీలు ఉక్కువి లేదా అల్యూమినియంవి. పళ్ల మీద గట్టి క్రోమ్ వంటి పైపూత ఉంటుంది. బెల్టు పక్కకు జారిపోకుండా ఏదో ఒక పుల్లీకి అంచున ఫ్లాంజి, అంటే నిలువు గోడ, ఉంటుంది. బెల్టుకు అతుకు లేదు, అది ఒకే వలయం. అరామిడ్ దారం వేడికి సాగకపోగా కొద్దిగా కుంచించుకుంటుంది. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే అల్యూమినియం స్వింగార్మ్, పుల్లీలు మాత్రం వ్యాకోచిస్తాయి. అందుకే నడిచి వచ్చిన బండిలో బెల్టు చల్లగా ఉన్నప్పటికంటే బిగుతుగా ఉంటుంది. బిగువు కొలతలన్నీ చల్లబడిన బండి మీదే తీయాలన్న నియమం ఇందువల్లే వచ్చింది.

శబ్దం పుట్టే తీరు

రెండు పొడి ఉపరితలాలు ఒత్తిడి మీద రాసుకునేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకోవడం, వదిలేయడం సెకనుకు వందల సార్లు జరిగితే ఆ కంపనం చెవికి కీచుమని వినిపిస్తుంది. డ్రైవ్ బెల్టులో ఈ రాపిడి జరిగే చోట్లు మూడు. మొదటిది పన్ను చెంపకూ గాడి గోడకూ మధ్య. రెండోది బెల్టు అంచుకూ ఫ్లాంజికీ మధ్య. మూడోది పళ్ల నడుమ ఉండే చదును భాగానికీ పుల్లీ పన్ను నెత్తికీ మధ్య. ఎలైన్‌మెంట్ తప్పినప్పుడు మొదటి రెండు చోట్లా ఒత్తిడి ఒక పక్కకే పడుతుంది. దుమ్ము చేరితే మూడు చోట్లా రాపిడి పెరుగుతుంది.

పళ్లు గాడుల్లో కూర్చునే సహజ ధ్వనిని దీనితో కలపకూడదు. వెనుక పుల్లీకి 70 పళ్లు, చక్రం చుట్టుకొలత 2 మీటర్లు ఉన్న బండి గంటకు 30 కి.మీ. వేగంలో వెళ్తుంటే చక్రం సెకనుకు నాలుగు చుట్లకు పైగా తిరుగుతుంది, సెకనుకు దాదాపు 290 పళ్లు గాడుల్లో పడతాయి. అంటే 290 హెర్ట్జ్ దరిదాపుల్లో ఒక జుమ్మనే నాదం ఉండి తీరుతుంది. వేగంతో పాటు అది సాఫీగా పైకి పోతుంది. దీన్ని లోపంగా లెక్కించరు. కీచు శబ్దం అలా కాదు. అది ఒక వేగం దగ్గర మొదలై మరో వేగం దగ్గర మాయమవుతుంది, లేదా చుట్టుకొకసారి తెగి తెగి వస్తుంది.

శబ్ద భేదాలు

మెకానిక్కు మొదట అడగవలసింది శబ్దం ఎలా ఉందని. లయగా, పిచ్చుక కూసినట్టు కిచ్ కిచ్ మని వచ్చే పొట్టి శబ్దం ఎక్కువగా ఎలైన్‌మెంట్ తప్పడాన్ని సూచిస్తుంది. బండి కదలగానే ఎత్తుకుని తెంపులేకుండా సాగే కీచుకు పొడి దుమ్ము గానీ, ఫ్లాంజికి అంచు ఒరుసుకోవడం గానీ కారణం కావచ్చు. వేగంతో పెరిగే ఈలలాంటి ధ్వని బెల్టు మరీ బిగుతుగా ఉందనడానికి గుర్తు. టిక్ టిక్ మని చుట్టుకొకసారి కొట్టే దెబ్బకు బెల్టులో గుచ్చుకున్న రాయి, విరిగిన పన్ను, లేదా పుల్లీ గాడిలో ఇరుక్కున్న ముక్క కారణం. గట్టిగా త్రాటిల్ ఇచ్చినప్పుడు టకటకమని పళ్లు దాటుకుంటూ పోయే చప్పుడు వదులు బెల్టుది. అది వినిపించాక బండిని నడపకూడదు. గరగరమనే బరువైన శబ్దం దాదాపు ఎప్పుడూ బేరింగుదే.

లయ లెక్క

శబ్దం తెగి తెగి వస్తుంటే, ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి పళ్ల లెక్కను మించిన సాధనం లేదు. పరికరాలు అక్కర్లేదు, సుద్దముక్క చాలు. టైరు మీద, బెల్టు వీపు మీద, కనబడితే ముందు పుల్లీ మీద ఒక్కో గీత పెట్టుకోవాలి.

వెనుక పుల్లీకి 70, ముందు పుల్లీకి 32, బెల్టుకు 133 పళ్లు ఉన్నాయనుకుందాం. చక్రం ఒక చుట్టు తిరిగితే ముందు పుల్లీ 2.19 చుట్లు తిరుగుతుంది. బెల్టు మాత్రం సగానికి కొంచెం పైగానే కదులుతుంది. అది పూర్తి చుట్టు రావడానికి చక్రం 1.9 చుట్లు తిరగాలి. కాబట్టి శబ్దం చక్రం గీతతో కలిసి వస్తుంటే దోషం వెనుక పుల్లీలోనో, చక్రం బేరింగులోనో, బ్రేకు డిస్కులోనో ఉంది. బెల్టు గీతతో కలిసి వస్తుంటే బెల్టులోనే ఉంది. చక్రం ఒక్క చుట్టులో రెండుసార్లకు పైగా వస్తుంటే ముందు పుల్లీని చూడాలి. చక్రం చుట్టుకొలత ఇందాకటిలాగే 2 మీటర్లైతే, గంటకు 5 కి.మీ. నడక వేగంలో బండిని తోస్తూ వింటే ఈ మూడింటి మధ్య ఎడం స్పష్టంగా తెలుస్తుంది: ముందు పుల్లీదైతే సెకనులో మూడింట రెండు వంతులకొకసారి, చక్రానిదైతే దాదాపు ఒకటిన్నర సెకనుకొకసారి, బెల్టుదైతే రెండుముప్పావు సెకన్లకొకసారి. ఏ బండికి ఎన్ని పళ్లో సర్వీసు పుస్తకంలో ఉంటుంది, లేదా లెక్కపెట్టుకోవచ్చు.

కారణాలు

ఎలైన్‌మెంట్: వెనుక యాక్సిల్ స్వింగార్మ్‌కు లంబంగా లేకపోతే రెండు పుల్లీలు ఒకే తలంలో ఉండవు. పరిశ్రమల్లో పళ్ల బెల్టులకు అనుమతించే తేడా పావు డిగ్రీ. స్వింగార్మ్ రెండు చేతుల మధ్య 23 సెం.మీ. ఎడం ఉందనుకుంటే, పావు డిగ్రీ అంటే ఒక పక్క యాక్సిల్ రెండో పక్క కంటే 1 మి.మీ. వెనక్కి ఉన్నట్టు. 1.25 మి.మీ. మరలు ఉన్న సర్దుబాటు బోల్టును ఒక్క ముఖం, అంటే ఆరో వంతు, తిప్పితే యాక్సిల్ 0.2 మి.మీ. జరుగుతుంది. ఐదు ముఖాల తేడా వస్తే అనుమతించిన హద్దు దాటినట్టే. టైరు పంక్చరుకు చక్రం విప్పి బిగించిన తర్వాత కీచు మొదలైందంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే. స్వింగార్మ్ మీద కంపెనీ చెక్కిన గీతలు అంచనాకు పనికొస్తాయి కానీ అంత నమ్మదగినవి కావు. స్వింగార్మ్ ఇరుసు మధ్యబిందువు నుంచి యాక్సిల్ మధ్యబిందువు వరకు రెండు పక్కలా కొలవడం మేలు. యాక్సిల్ నట్టును చివరగా బిగించేటప్పుడు అది మళ్లీ కాస్త లాగేస్తుంది. అందుకని బిగించాక మరోసారి కొలవాలి. ఈ రెండో కొలత తీసేవాళ్లు తక్కువ.

బిగువు: వదులు బెల్టు పన్ను గాడిలో పూర్తిగా దిగక, చెంపలు ఎక్కుతూ దిగుతూ రాసుకుంటుంది. బిగుతు బెల్టు ఈల వేయడమే కాక, గేర్‌బాక్సు బయటి బేరింగునూ చక్రం బేరింగులనూ తినేస్తుంది. కొలిచే పద్ధతి సులువైనదే: కింది వరస మధ్యలో నిర్ణీత బలంతో నొక్కి, ఎంత వంగిందో చూస్తారు. హార్లే పద్ధతిలో ఆ బలం 10 పౌండ్లు, అంటే సుమారు 4.5 కిలోలు. ఎంత వంగాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. బండి స్టాండు మీద ఉందా, చక్రాల మీద ఉందా, మనిషి కూర్చున్నాడా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ముందు పుల్లీ, స్వింగార్మ్ ఇరుసు ఒకే కేంద్రంలో లేనందున సస్పెన్షన్ దిగినప్పుడల్లా బిగువు తేడా పడుతుంది. కాబట్టి పుస్తకంలో చెప్పిన స్థితిలోనే కొలవాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగుతైన చోటును లెక్కలోకి తీసుకోవాలి. ఒక చోట బాగా బిగుతు, మరో చోట బాగా వదులు వస్తే పుల్లీ వంకరగా ఉన్నట్టు.

బెల్టును మీటి, దాని పౌనఃపున్యం చూసే పద్ధతి కూడా ఉంది. వీణ తీగ మాదిరిగానే బిగువు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. బిగువు పౌనఃపున్యపు వర్గానికి అనుగుణంగా మారుతుంది కనుక, శ్రుతి 10 శాతం ఎక్కువుంటే బిగువు 21 శాతం ఎక్కువున్నట్టు. దీనికి కంపెనీ ఇచ్చిన హెర్ట్జ్ అంకె చేతిలో ఉండాలి. లేకపోతే ఫోను యాప్ చూపే అంకెతో ప్రయోజనం లేదు.

దుమ్ము, తడి: పొడి దుమ్ము గుడ్డ పొరలోకి చొచ్చుకుపోయి దాన్ని గరుకు చేస్తుంది. వానలో నడిచి ఎండిన మర్నాడు కీచు ఎక్కువ కావడం మామూలు. బురద ఎండి పొడిగా మిగలడమే కారణం. కొత్త బెల్టు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కాస్త అరిచి, గుడ్డ సర్దుకున్నాక ఊరుకోవడం కూడా ఉంది.

పుల్లీ అరుగుదల: పైపూత పోయిన చోట లోహం గరుకుగా తేలి గుడ్డను గీకుతుంది. గోటితో గాడి వెంట రాస్తే మెట్టు తగులుతుంది. అరిగిన పుల్లీ మీద కొత్త బెల్టు వేస్తే కొన్నాళ్లకే పాత శబ్దం తిరిగి వస్తుంది.

బెల్టు కాని శబ్దాలు

బెల్టు శబ్దమని తెచ్చిన బళ్లలో పరిశీలించవలసిన పొరుగు భాగాలు ఇవి. వెనుక బ్రేకు ప్యాడ్లు డిస్కుకు తగులుతూ ఉంటే చక్రం లయలో కీచుమంటాయి. నడుస్తుండగా బ్రేకు పెడలు మీద పాదం లేతగా ఆనిస్తే శబ్దం మారితే తప్పు అక్కడిదే. చక్రానికీ వెనుక పుల్లీకీ మధ్య కుదుపులు మింగే హబ్ రబ్బర్లు ఎండిపోయి బిరుసెక్కితే, త్రాటిల్ ఇచ్చినప్పుడూ వదిలినప్పుడూ కిర్రుమంటాయి. రబ్బర్ల కోసం పుల్లీకి ప్రత్యేక బేరింగు ఉన్న బళ్లలో ఆ బేరింగు ఎండినా ఇదే వరస. స్వింగార్మ్ ఇరుసు బుష్షులు, షాక్ అబ్జార్బర్ కళ్లు గుంతల్లో మాత్రమే కిర్రుమంటాయి. సాఫీ రోడ్డు మీద నోరు మెదపవు. చక్రం బేరింగు దగ్గర ఎర్రటి సన్నని పొడి కనిపిస్తే లోహం లోహాన్ని తింటున్నట్టు. అయితే ఎర్రనేలల ప్రాంతంలో ఆ పొడిని మట్టి నుంచి వేరుగా గుర్తుపట్టడం కష్టం. తుడిచి, వంద కిలోమీటర్లు తారురోడ్డు మీద నడిపి మళ్లీ చూడడం ఒక్కటే దారి. (చూడండి: చక్రం బేరింగు, హబ్ రబ్బర్లు, డిస్కు బ్రేకు.)

నిర్ధారణ క్రమం

ముందుగా ఒక జాగ్రత్త. ఇంజిన్ నడుస్తూ గేరులో ఉన్న బండి బెల్టు దగ్గరికి చెయ్యి గానీ గుడ్డ గానీ పోకూడదు. బెల్టు పుల్లీలోకి దిగే చోట వేలు చిక్కితే పోయినట్టే. కింద చెప్పిన పరీక్షలన్నీ ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చేయవచ్చు.

మొదట నిశ్శబ్దంగా ఉన్న చదును నేల మీద బండిని న్యూట్రల్‌లో తోయాలి. ఇంజిన్ ఆగి ఉన్నా శబ్దం వస్తే ఇంజిన్, క్లచ్ లెక్కలోంచి పోతాయి. శబ్దం రాకపోతే అది బరువు పడితేనే వస్తోందన్నమాట. మనిషిని కూర్చోబెట్టి మళ్లీ తోయాలి. తర్వాత వెనుక చక్రాన్ని నేల నుంచి లేపి ముందుకు, వెనక్కు తిప్పాలి. బెల్టు ఏ అంచుకు జరుగుతోందో, వెనక్కి తిప్పితే రెండో వైపుకు పోతోందో గమనించాలి. దిశ మారగానే శబ్దం పోతే ఎలైన్‌మెంట్ మీద అనుమానం బలపడుతుంది. ఇక్కడే కంటికి చూడవలసిన గుర్తు ఒకటి ఉంది: ఫ్లాంజి లోపలి ముఖం మీద అద్దంలా మెరిసే సన్నని వలయం, దాని కింద స్వింగార్మ్ మీద వేలితో రాస్తే అంటుకునే నల్లని పొడి. ఆ రెండూ కలిసి ఉంటే బెల్టు అంచు అక్కడ ఒరుసుకుంటోంది. నల్లపొడి కొద్దిగా ఉండడం మాత్రం ప్రతి బెల్టుకూ సహజమే.

ఆపైన నీటి పరీక్ష. చిమ్మే సీసాతో మంచినీళ్లు బెల్టు పళ్ల వైపు చల్లి చక్రం తిప్పాలి. శబ్దం వెంటనే పోయి, తడి ఆరాక తిరిగి వస్తే అది రాపిడి శబ్దమని తేలుతుంది. నీళ్లు పళ్ల వైపు కాకుండా అంచుకు మాత్రమే తగిలించి చూస్తే రాపిడి పళ్లలోనా ఫ్లాంజి దగ్గరా అన్నది కూడా తెలుస్తుంది. తడిపినా ఏమీ మారకపోతే బెల్టును వదిలేసి బేరింగుల వైపు వెళ్లాలి. అప్పుడు చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే బేరింగు ఆట తెలుస్తుంది. బ్రేకు కాలిపర్ విప్పి పక్కకు కట్టి తిప్పితే బ్రేకు సంగతి తేలుతుంది. బిగువు, ఎలైన్‌మెంట్ కొలతలు ఈ పరీక్షల తర్వాతే తీయాలి. ముందే యాక్సిల్ వదులు చేస్తే అసలు స్థితి చెదిరి, శబ్దం దేనివల్ల వచ్చిందో తెలిసే ఆధారం పోతుంది.

బెల్టు అరుగుదల గుర్తులు

శబ్దం ఉన్నా లేకున్నా బెల్టును చుట్టూ చూడాలి. హార్లే బళ్లకు ఈ పరిశీలన ప్రతి 8,000 కి.మీ. సర్వీసులో భాగం. పంటి లోపల వెంట్రుకంత పగుళ్లు, అంచున పీచు లేవడం, బయటి అంచు ఏటవాలుగా అరగడం ఉన్నా బండి నడపవచ్చు, కాకపోతే కనిపెట్టి ఉండాలి. పంటి బయటి పగుళ్లు, పన్ను ఊడడం, పన్ను కొక్కెంలా వంగి అరగడం ఉంటే బెల్టు మార్చాలి. రాయి గుచ్చుకున్న రంధ్రం బెల్టు మధ్యలో ఉంటే కొంత కాలం నెట్టుకు రావచ్చు, అంచున ఉంటే మార్చడమే. లోపలి దారాలు తెగితే బయటికి కనిపించకుండానే బెల్టు ఒక రోజు పుటుక్కుమంటుంది. శబ్దం చేసే బెల్టు కంటే ఈ గుర్తులున్న నిశ్శబ్దపు బెల్టు ప్రమాదకరం.

సరిదిద్దడం

దుమ్ము కారణమైతే గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్షు, కొద్దిగా తేలికపాటి సబ్బు చాలు. బాగా కడిగి ఆరనివ్వాలి. బెల్టు మీద చైను స్ప్రే, ఇంజిన్ ఆయిలు, గ్రీజు, డీజిలు వేయకూడదు. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, రబ్బరును ఉబ్బిస్తుంది, టైరుకు అంటితే బండి జారుతుంది. ఫ్లాంజికి తగిలే అంచు మీద ఎండు సబ్బు రుద్దడం రైడర్లలో వాడుకలో ఉంది. కొద్ది రోజులు నోరు మూయించడానికి అది పనికొస్తుంది, ఎలైన్‌మెంట్‌ను మాత్రం సరిచేయదు. శబ్దం అణగడం వల్ల అసలు లోపాన్ని మరచిపోయే ప్రమాదం కూడా అందులో ఉంది.

ఎలైన్‌మెంట్, బిగువు రెండూ ఒకే సర్దుబాటు బోల్టులతో మారుతాయి. అందుకని ముందు ఎలైన్‌మెంట్ తెచ్చుకుని, తర్వాత రెండు పక్కలా సమానంగా తిప్పుతూ బిగువుకు రావడం సరైన వరుస.

విద్యుత్ ద్విచక్ర వాహనాల్లో

పెట్రోలు బండిలో ఇంజిన్ చప్పుడు కింద అణిగిపోయే చిన్న కీచు, విద్యుత్ బండిలో పెద్దదిగా వినిపిస్తుంది. వీటిలో మరో తేడా కూడా ఉంది. త్రాటిల్ వదిలినప్పుడు మోటారు వెనక్కి విద్యుత్తు తయారు చేస్తూ చక్రాన్ని నిలువరిస్తుంది. అందువల్ల పన్ను రెండు చెంపల మీదా గట్టిగా బరువు పడుతుంది. శబ్దం వేగం పెంచేటప్పుడు వస్తోందా, వదిలినప్పుడు వస్తోందా అన్నది విడిగా రాసుకుంటే ఏ చెంప అరిగిందో అంచనా వేయవచ్చు. అమెరికాలో జీరో కంపెనీ బళ్లలో చాలావరకు, 2019లో వచ్చిన లైవ్‌వైర్ బెల్టుతోనే నడుస్తాయి.

భారతదేశంలో

ఇక్కడ రోడ్ల మీద తిరిగే మోటారు సైకిళ్లలో అత్యధికం చైను బళ్లే. బెల్టు బళ్లు మొదట దిగుమతి హార్లేలతో వచ్చాయి. 2010లో ఆ కంపెనీ దేశంలో తెరిచిన తొలి షోరూము హైదరాబాదులోదే. 2014 నుంచి హర్యానాలోని బావల్ కర్మాగారంలో తయారైన స్ట్రీట్ 750 బెల్టు బండి. 2020లో తయారీ ఆగిపోయినా ఆ బళ్లు ఇంకా చేతులు మారుతూ తిరుగుతున్నాయి. 2023లో హీరోతో కలిసి తెచ్చిన ఎక్స్ 440 మాత్రం చైనుది. బెల్టును మధ్యతరగతి ఇళ్లకు తెచ్చింది విద్యుత్ వాహనాలు: 2018లో ఏథర్ 450 స్కూటర్, 2019లో రివోల్ట్ ఆర్‌వీ 400 మోటారు సైకిల్.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితులు బెల్టుకు అంత అనుకూలమైనవి కావు. క్రషర్ కంకర రాలిన రోడ్లు, వేసవి దుమ్ము, తారు మీద ఆరబోసిన వడ్ల పొట్టు పుల్లీ గాడుల్లో చేరతాయి. రెండో చిక్కు అలవాటుది. చైను చప్పుడు చేస్తే వాడిన ఇంజిన్ ఆయిలు పోయడం రోడ్డు పక్క షెడ్లలో పాత పద్ధతి. అదే చెయ్యి బెల్టు మీద పడితే నష్టం. బండి అప్పగించేటప్పుడు బెల్టుకు ఆయిలు వద్దని ఒక మాట చెప్పడం మంచిది.

బెల్టు మార్పు

అతుకు లేని వలయం కాబట్టి చాలా మోడళ్లలో స్వింగార్మ్ విప్పితేనే కొత్త బెల్టు ఎక్కుతుంది. అందుకే బెల్టు ఖరీదు కంటే కూలీ ఎక్కువ కావచ్చు. కొత్త బెల్టును పెట్టెలోంచి తీసినప్పటి నుంచి మడవకూడదు, మెలిపెట్టకూడదు, వెనక్కి వంచకూడదు, ముందు పుల్లీ వ్యాసం కంటే చిన్న చుట్టగా చుట్టకూడదు. అలా చేస్తే లోపలి దారాలు విరుగుతాయి, పైకి ఏమీ కనబడదు. పాత బెల్టును విప్పి మళ్లీ అదే వాడదలిస్తే, అది తిరిగే దిశను బాణం గుర్తుతో రాసుకుని అదే దిశలో వేయాలి. స్వింగార్మ్ విప్పిన తరుణంలోనే ఇరుసు బుష్షులు, చక్రం బేరింగులు, రెండు పుల్లీలు చూసుకోవాలి. కొత్త బెల్టు ఎక్కించాక, హార్లేల్లో కొత్త బండికి తొలి సర్వీసు జరిగే 1,600 కి.మీ. లోపల బిగువును, ఎలైన్‌మెంట్‌ను చల్లని బండి మీద మరోసారి కొలిపించుకోవాలి.